చేపముల్లు గుర్తు

ఈ రోజు ఇంట్లో ఎవరెవరున్నారో ముందే చెప్పేస్తాను. పేర్లు వదిలేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పడక్కుర్చీలో ముఖలింగం మేస్త్రీ. పక్కన స్టూలు మీద ఆయన కొడుకు గవరయ్య. తలుపు వెనక గవరయ్య కూతురు నీలవేణి, కొత్తవాళ్ల ముందుకు రాని పిల్ల. కుర్చీలో పట్నం కాలేజీ లెక్చరరు సదానందం గారు. బర్మా కొండల్లో అమెరికా సైన్యం చేసిన యుద్ధం మీద ఆయన పుస్తకం రాస్తున్నారు. ఆయన ఎదుట బల్ల మీద, ఉతికిన తువ్వాలు పరిచి, నేను.

నేను ఒక ఇనుప టోపీని. నిన్నటిదాకా ఈ ఇంటి పెరట్లో కల్లాపికి పేడ కలిపే పాత్రని. పెద్దమనిషి వస్తున్నాడని తెలిసి నా హోదా పెరిగింది.

పుట్టింది అమెరికాలో, కార్ల రేడియేటర్లు చేసే ఒక కార్ఖానాలో. ఉక్కు రేకును యంత్రం గిన్నెలా నొక్కింది. నాకు రంగు వేసినావిడ ఆకుపచ్చ రంగులో బెండు పొడి కలిపింది, ఎండకి మెరవకూడదని. మనుషుల తెలివి చూడండి. తలను కాపాడే టోపీ గురించి అంత ఆలోచించారు. ఆ తలను ఎక్కడికి పంపుతున్నామో మాత్రం ఆలోచించలేదు.

నన్ను పెట్టుకున్న కుర్రాడు ఎర్ల్ డాసన్, పాల వ్యాపారి కొడుకు. నా లోపల మేకుతో తన పేరు గీసుకున్నాడు. 1944 ఫిబ్రవరి నెలలో అస్సాంలోని లెడో దగ్గర సుమారు మూడువేల మందితో కలిసి నడక మొదలుపెట్టాడు. కొండ ఎక్కడం, దిగడం, వాగు దాటడం, మళ్లీ కొండ. కంచర గాడిదలు బరువుతో సహా లోయల్లోకి జారిపోయేవి. జలగలు బూట్ల రంధ్రాల్లోంచి దూరేవి. విమానం జారవిడిచిన డబ్బాల్లో రోజూ ఒకటే తిండి. జపాను వాళ్ల తూటాల కన్నా రక్త విరేచనాలే ఎక్కువమందిని పడగొట్టాయి. నన్ను నిప్పు మీద పెట్టకూడదని నిషేధం, ఉక్కు బలం పోతుందట. ఎర్ల్ పెట్టేవాడు. నాలోనే కాఫీ కాచుకునేవాడు, నాలోనే గడ్డం గీసుకునేవాడు, జ్వరం వచ్చిన నాడు నాలోనే వాంతి చేసుకున్నాడు.

మే నెలలో మిచీనా విమానాశ్రయం పట్టుకోవాలన్నారు. ఇదే ఆఖరి పని, ఆ తర్వాత అందరికీ విశ్రాంతి అన్నారు. ఆ మాట నమ్మి, నిలబడలేనివాళ్లు కూడా నడిచారు. ఎర్ల్ మాత్రం దారిలోనే పడిపోయాడు.

అతన్ని డోలీ మీద కొండ దించిన నలుగురిలో ఒకడు తామాడ కూర్మయ్య. బారువ రేవు దగ్గరున్న ఈ ఊరి పల్లెకారు, చేపలు పట్టేవాడు. కలకత్తా రేవులో పని అని చెప్పి ముఖలింగం మేస్త్రీ నలభై మందిని రైలెక్కించాడు. దిగేసరికి అస్సాం అడవి, చేతిలో పార. అమెరికా వాళ్ల యుద్ధం కోసం కొండలు తవ్వి రోడ్డు వెయ్యాలి. వాళ్లకి టోపీ లేదు, బూట్లు లేవు. చిట్టాలో పేర్లు కూడా లేవు. "ముఖలింగం గేంగు, నలభై" అంతే. కంచర గాడిదలకైనా మెడ మీద నంబర్లు ఉండేవి.

ఎర్ల్ ఆసుపత్రిలో చేరాక నేను కూర్మయ్య దగ్గర ఉండిపోయాను. మూడు వారాలకి లారీ ఒకటి రోడ్డు మీద ఆగింది. దాని నిండా జ్వరం తగ్గని సైనికులు. మంచాల మీంచి లేపి మళ్లీ మిచీనాకి తోలుకుపోతున్నారు. విశ్రాంతి అన్న మాట ఏ గాలికి పోయిందో! అందులో ఎర్ల్ ఉన్నాడు, నెత్తిన వేరే టోపీ. కూర్మయ్య నన్ను పైకెత్తి చూపించాడు. "నీదే, ఉంచుకో" అన్నట్టు ఎర్ల్ చెయ్యి ఊపాడు. ఆ తర్వాత అతనేమయ్యాడో నాకు తెలియదు.

కూర్మయ్య నాలో గంజి కాచుకునేవాడు. నలభై మంది గిన్నెల్లో కలిసిపోకుండా ఎర్ల్ పేరు పక్కనే మేకుతో తన గుర్తు గీశాడు. ఒక నిలువు గీత, దానికి అటూ ఇటూ మూడేసి ఏటవాలు గీతలు. చేపముల్లు. వాళ్లింట్లో వల బెండ్ల మీదా, పడవ మీదా, తినే కంచం మీదా అదే గుర్తట. రాయడం రానివాడు రాసుకున్న ఇంటిపేరు అది.

జూన్ వానల్లో కొండ చరియ నీళ్లు కారుతూ ఉబ్బింది. దాని కింద తవ్వలేమని ఏడుగురు మొండికేశారు. పెద్ద దొర వస్తున్నాడని మేస్త్రీ తిట్టి పంపాడు. వాళ్లలో ఒకడైన కూర్మయ్య, పొయ్యి మీద నన్ను పెట్టి వెళ్లాడు. గంజి పొంగకముందే కొండ జారింది. వాళ్లని మట్టిలోంచి తియ్యనైనా తియ్యలేదు. దొర వచ్చి లెక్క తగ్గిందేమని అడిగితే, "ఏడుగురు పారిపోనారు దొరా" అన్నాడు మేస్త్రీ. ఆ చేత్తోనే నన్ను పొయ్యి మీంచి దించాడు. గంజి తాగి, నన్ను సంచిలో వేసుకున్నాడు.

పాతికేళ్లు. ఊళ్లో అతను చెప్పే కథ ఏమిటంటే, తన ధైర్యానికి మెచ్చి అమెరికా దొర నన్ను బహుమానం ఇచ్చాడని. కూర్మయ్య భార్య దాలమ్మ ఆ పాతికేళ్లూ బొట్టు తియ్యలేదు, పెట్టుకున్న బొట్టు చూసి ఊరు నవ్వకుండానూ లేదు. మొగుడు అస్సాంలో ఇంకొకర్తిని కట్టుకున్నాడన్నారు. పారిపోయినవాడికి కర్మ ఎలా చేస్తారు? అతనికి ఇన్నాళ్లూ ఒక్క చుక్క నీళ్లు వదల్లేదు.

లెక్చరరు వస్తున్నాడని మేస్త్రీయే నన్ను తోమించాడు. నీలవేణి నూతి గట్టు మీద కూచుని చింతపండు, బూడిద వేసి రుద్దింది. పాతికేళ్ల మసి, పేడ పొరలు పొరలుగా లేచాయి. ఎండుచేపల గంప దించుకుంటూ దాలమ్మ నా లోపలికి చూసింది. గంప అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

ఇప్పుడు సదానందం గారు నన్ను తిప్పి తిప్పి చూస్తున్నారు. "ఈ గుర్తు ఏదో దళం చిహ్నమై ఉంటుంది," అన్నారు. రాసేసుకున్నారు కూడా. నా ఒళ్లు మండిపోయింది.

"అంతే బాబూ, దళందే," అన్నాడు మేస్త్రీ.

అప్పుడు గుమ్మంలో దాలమ్మ నిలబడింది, చేతిలో సొట్టల కంచం.

"ఏటే దాలీ? సేపలొద్దు, ఎల్లు," అన్నాడు గవరయ్య.

"సేపలు గాదు బాబూ. ఆ టోపీ పక్కన ఈ కంచం ఎట్టి ఓపాలి సూడండి."

చెయ్యి చాపి, గుమ్మం పక్కనే ఉన్న బల్ల మీదికి కంచాన్ని జరిపింది. దాని మీదా అదే చేపముల్లు. సదానందం గారు కంచం చూశారు, నన్ను చూశారు, కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ కంచం చూశారు.

"నా పెనిమిటి, మా గుంటడి బాబు గుర్తది. మేస్త్రీ బాబూ, పారిపోనోడు గుర్తున్న గిన్నె నీకాడికెలా ఒచ్చింది? సచ్చిపోనాడా, నన్నొగ్గీసినాడా? ఆ ఒక్క ముక్కా సెప్పు."

"నలభై మందిలో ఎవడి గిన్నె ఎవడిదో నాకేటి గుర్తు? పిచ్చిదండి ఇది," అన్నాడు మేస్త్రీ.

తలుపు వెనక నుంచి సన్నటి గొంతు వచ్చింది. "రెండూ ఒకటే, తాతా."

"నోరుముయ్యి," అన్నాడు గవరయ్య.

సదానందం గారు కలం తీశారు. "మీ ఆయన పేరేమిటమ్మా?"

దాలమ్మ నోరు తెరిచి మూసేసింది. మొగుడి పేరు పలకకూడదు. పెళ్లినాటి నుంచి ఒక్కసారి పలకలేదు. మేస్త్రీ వంక చూసింది, నువ్వైనా చెప్పమన్నట్టు.

"నాకు గేపకం నేదు," అన్నాడు మేస్త్రీ.

నాకు జ్ఞాపకం ఉంది! నాలో గంజి కాచుకున్నవాడి పేరు నాకు జ్ఞాపకం ఉంది. నోరే లేదు.

దాలమ్మ కొంగు బిగించి, గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది.

"కూర్మయ్య," అంది. మళ్లీ, వీధికి వినపడేటట్టు, "తామాడ కూర్మయ్య! రాయండి బాబూ!"

కలం కాగితానికి ఆనింది. సదానందం గారు మేస్త్రీ మొహం చూశారు. కలం అక్కడే ఆగింది.

గవరయ్య లేచాడు. నీలవేణిని రెక్క పట్టి పక్కకి లాగి, గుమ్మం మీదున్న ఆవిడ వేళ్లను ఒక్కొక్కటే విడదీసి, ఆవిడ మొహం మీదే తలుపు వేసి గడియ పెట్టాడు. ఆవిడ కంచం లోపలే ఉండిపోయింది, నా పక్కన.