ఎడమ పక్క మూల

పొద్దున్నే పొయ్యి మీద టీ పెట్టి, అది పొంగేలోపు మానిటర్ తుడవడం ఓబులమ్మకు అలవాటు. ఎర్రగుంట్లలో ఏ వస్తువునైనా రోజూ తుడవాల్సిందే. సిమెంటు దుమ్ము పిలవని చుట్టంలా వచ్చి కూర్చుంటుంది. అయితే ఆమె మానిటర్ తుడిచేది ఇంటి శుభ్రం కోసం కాదు. ఇక్కడ తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే, దారిలో ఎక్కడో ఉన్న భర్త బాలస్వామి లారీ ముందద్దం శుభ్రమవుతుంది.

ఆ మానిటర్ కొడుకు ఏసుకుమార్‌ది. ప్యాకింగ్ ప్లాంటులో పని చేసి వచ్చి గేములు ఆడుకోవడానికని, అంగట్లో ఉన్నవాటిలో చౌకైనది తెచ్చుకున్నాడు. చౌక చౌకే. నలుపు బూడిద రంగులో కనపడుతుంది. గేములో కారు వేగంగా పోతే వెనక మసక తోక ఒకటి ఈడ్చుకుపోతుంది. స్టాండు ఊగుతుంటే కింద సిమెంటు సంచి మడిచి పెట్టారు. వాడు దాన్ని తిట్టని రోజు లేదు.

తెచ్చిన కొత్తల్లోనే బాలస్వామి ఫోన్ చేశాడు.

"మే, మైదుకూరు కాడ టీ తాగుతాంటే బండి అద్దం దానంతట అదే కడిగినట్టయింది. నువ్వేమన్నా తుడిచినావా?"

"నేను పిల్లోని మానిటర్ తుడిచినా."

"అదే అయ్యుంటాది. సాయంత్రం గూడా ఒకసారి తుడువు. ఎండ మొగాన కొడతాంటే దుమ్ము శానా అడ్డమొస్తాది."

ఇంట్లో దాని గురించి అంతకుమించి మాట్లాడుకోలేదు. వీధిలో డ్రైవర్ల భార్యలు మాత్రం "మా ఆయన బండి గూడా రోంత చూడక్కా" అని అడిగేవాళ్లు. ఓబులమ్మకు అది చేతకాదు, కానీ అడిగినందుకే పొంగిపోయేది. దారి మీదే బతికే మనిషికి ఇంట్లో కూర్చుని చేయగల పని ఒకటి దొరికిందని ఆమె సంతోషం. ఏసుకుమార్ మాత్రం తడిగుడ్డ పెడితే పాడైపోతుందని మొత్తుకునేవాడు.

కొత్త సంవత్సరం ఆరాధనలో చర్చిలో పళ్లెం తిప్పుతారు. అందులోంచి తీసుకున్న, బైబిలు వాక్యం అచ్చేసిన వాగ్దానం కార్డు ఆ ఏడంతా ఆ మనిషికి తోడు. బాలస్వామి తన కార్డును ఎప్పుడూ లారీలో స్టీరింగు పక్కన అంటించుకునేవాడు. ఈసారి బనగానపల్లెకు లోడు తీసుకుపోయి ఆరాధనకు అందుకోలేకపోయాడు. ఆయన పేరున ఓబులమ్మే కార్డు తీసింది. వాక్యం ఆయన కళ్ల ముందర ఉండాలని, అన్నం మెతుకులు నలిపి మానిటర్ మీద ఎడమ పక్క మూలన అంటించింది.

"ఆడ మ్యాపు కనపడాల మా" అన్నాడు ఏసుకుమార్.

"నీ ఆట కంటే మీ నాయన ఎక్కువ" అంది.

మర్నాడు బాలస్వామి ఫోన్. "ఎడమ పక్క మూలన మసగ్గా ఉండాది మే. నేనెంత తుడిచినా పోలేదు. నువ్వు రోంత గట్టిగా తుడువు."

తుడిచింది. కార్డు తడవకుండా, అంచు లేవకుండా, చుట్టూతా తుడిచింది. దేవుని వాక్యం మీద తడిగుడ్డ వేయడానికి చెయ్యి రాలేదు. ఆయన మళ్లీ చేశాడు. ఆమె మళ్లీ చుట్టూతానే తుడిచింది. ఆ మసక ఈ కార్డేనని తట్టనే లేదు. అంత చిన్న సంగతి ఎట్లా తట్టలేదో ఇప్పటికీ ఆమెకు అర్థం కాదు. ప్రేమగా చేసిన పనిని ఎవరు అనుమానిస్తారు?

ఒకరోజు మైదుకూరు మలుపులో, సైకిలుకు పసుపు మూట కట్టుకుని గోపన్న అనే ఆ ఊరి రైతు ఎడమ పక్క నుంచి రోడ్డెక్కాడు. బాలస్వామికి కనపడలేదు. ప్రాణం దక్కింది గానీ, గోపన్న కాలు మోకాలి కింద తీసేశారు. ఆస్పత్రిలో గోపన్న మంచం పక్క నుంచే బాలస్వామి లారీ తాళాలు ఓనరుకు పంపించేసి ఇంటికొచ్చాడు.

వచ్చీరాగానే మానిటర్ చూశాడు.

"ఇది ఎప్పుడు అంటించినావు?"

"కొత్త సంవత్సరం నాడు. నీ కండ్ల ముందర ఉండాలని..."

మాట మధ్యలోనే ఆమెకు తెలిసిపోయింది. బాలస్వామి వేలు తడి చేసి, కార్డు చిరగకుండా మెల్లగా ఊడదీసి, ఆమె బైబిల్లో పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఓబులమ్మ ఎన్నిసార్లు అనుకుందో.

ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. గోడౌను దగ్గర కాపలాకు కుదిరాడు. ఆమె మాత్రం తుడవడం మానలేదు. ముందు ఎడమ పక్క మూల, తర్వాత మిగతాది. ఎవరి కోసమని ఇంట్లో ఎవరూ అడగలేదు.

మామిడిపండ్ల కాలంలో, ఆ లారీ ఇప్పుడు తోలుతున్న ఏసేపు బనగానపల్లె పండ్ల గంపతో వచ్చాడు.

"వదినా, ఇవి నీకే. పొద్దున మైదుకూరు మలుపు కాడ ఒక పాప రోడ్డు మీదికి ఉరికింది. అద్దం నిండా దుమ్ము. సరిగ్గా అప్పుడే మూలన తేటంగా అయ్యి, పాప గౌను కనపడింది. బ్రేకు వేసినా. నీ చెయ్యి సల్లగుండాల."

"ఏ పక్కప్పా?" అన్నాడు బాలస్వామి.

"ఎడమ పక్కన్నా."

ఓబులమ్మ గంప ముట్టుకోలేదు. కళ్లు తుడుచుకుని, "ఇవి నాకొద్దప్పా. గోపన్నింట్లో ఇచ్చిపో" అంది.

బాలస్వామి లేచి గంప ఎత్తుకున్నాడు. "పద ఏసేపూ, నేనూ వస్తా."

ఇన్నాళ్లకు ఆ లారీ ఎక్కి, ఎడమ పక్క సీట్లో కూర్చున్నాడు. బండి మైదుకూరు చేరేదాకా ఓబులమ్మ ఆ మూల తుడుస్తూనే ఉంది. అది అప్పటికే శుభ్రంగా ఉంది.