కొలతలు చదివినట్టే

టైలర్ మాస్టారికి మోసగాళ్ళ సంగతి తెలియదనుకునేరు. బాగా తెలుసు. "ఫోన్లో నంబరు అడిగినవాడికి నా చెప్పుల సైజు కూడా చెప్పను" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పే మనిషి. అయినా ఏం లాభం, వీధి తలుపుకి తాళమేసి దొడ్డి తలుపు బార్లా తీసినట్టయింది.

ఆ షాపులో ఒక పద్ధతుంది. మాస్టారి చేతిలో ఎప్పుడూ కత్తెరే. పైగా చత్వారం. అందుకని ఆయన ఫోను కాజాలు కుట్టే ఆవిడ బల్ల మీద ఉంటుంది. అందరూ ఆవిడని కాజాలక్క అంటారు. కస్టమర్లు మెసేజ్‌లో కొలతలు పంపితే అక్క పైకి చదువుతుంది. "ఛాతీ నలభై, నడుం ముప్ఫయ్యారు." మాస్టారు చాక్‌పీసుతో గీసేస్తారు. పదకొండేళ్ళుగా ఇదే వరస.

ఆ వారం మాస్టారు మనసు మనసులో లేదు. శుక్రవారం చెల్లెలికి కంటి ఆపరేషన్. లోపల పొర ఊడుతోంది, ఆలస్యమైతే చూపు దక్కదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు.

బుధవారం పొద్దున ఫోను మోగింది. అక్క స్పీకర్ పెట్టింది.

"సార్, పార్సిల్ ఆఫీసు నుంచి. మీ పార్సిల్ వచ్చింది గానీ అడ్రస్ సరిగ్గా లేదు."

జిప్పుల పార్సిల్ కోసం మాస్టారు నాలుగు రోజులుగా చూస్తున్నారు. కత్తెర ఆపకుండానే, "నంబర్లూ గింబర్లూ అడిగితే చెప్పను బాబూ, ముందే చెప్తున్నా" అన్నారు.

"అయ్యో, చెప్పొద్దు సార్! ఎవరికీ చెప్పొద్దు. మీకో మెసేజ్ వస్తుంది, వచ్చిందో లేదో చెప్తే చాలు."

పెద్దమనిషిలా ఉన్నాడే అనుకున్నారు మాస్టారు. "కాజాలక్కా, మెసేజ్ వచ్చిందేమో చూడు."

అక్క పళ్ళ మధ్య దారం తీసి, ఫోను వంక చూసి, అలవాటు చొప్పున చదివేసింది. "వచ్చింది మాస్టారూ. నలభై ఏడు, సున్నా ఆరు, ముప్ఫయ్యొకటి."

కింద ఇంకో వరస ఉంది, ఈ నంబరు ఎవరికీ చెప్పవద్దని. అది కొలత కాదు కదా, అక్క చదవలేదు.

అవతల ఫోను ఠక్కున పెట్టేశారు.

"ఇంతకీ ఎవరి కొలతలు మాస్టారూ ఇవి?" అంది అక్క.

మధ్యాహ్నానికి మెసేజ్‌లు రావడం ఆగిపోయింది. నెట్ పోయిందనుకున్నారు. సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, అందాయా?"

"ఏంటి తల్లీ?"

"డబ్బులు! ప్రాణం మీదికొచ్చింది, ఫోన్ ఎత్తలేను, ఉన్నదంతా పంపమని పొద్దున మెసేజ్ పెట్టావుగా. ఆపరేషన్‌కి దాచిందంతా పంపేశా."

కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది. "నా గొంతు వినకుండానే పంపేశావా?"

"నువ్వు ఏనాడూ నా ముందు చెయ్యి చాచలేదు కదా అన్నయ్యా. నువ్వే అడిగావంటే ఇంకేం ఆలోచిస్తాను?"

బ్యాంకుకి పరిగెత్తారు. పోలీసులకి కంప్లైంట్ ఇచ్చారు. అక్క చదివిన ఆ నంబరుతోనే మాస్టారి మెసేజ్‌ల ఖాతా వాడి ఫోనులోకి పోయిందనీ, చెల్లెలికి మెసేజ్ పెట్టింది వాడేననీ అక్కడే తెలిసింది. "వెంటనే వచ్చుంటే ఆపగలిగేవాళ్ళమేమో" అన్నారు. రెండు మిషన్లు అమ్మి, చేబదుళ్ళు తెచ్చి మాస్టారు డబ్బు కూడగట్టేసరికి నెల దాటింది. చెల్లెలి ఎడమ కన్ను అప్పటికే చీకటైపోయింది.

ఒకరోజు ఆవిడ గోడ పట్టుకుంటూ షాపుకొచ్చింది. కాజాలక్క తలెత్తలేదు. "నా నోరు పడిపోను, నేనే చదివానమ్మా" అని కుమిలిపోయింది.

"ఊరుకో అక్కా. చదవడం నీ పని" అంది చెల్లెలు. ఆ మాటకి అక్క ఇంకా ఏడ్చింది.

ఇప్పుడు మాస్టారు కొలత తీసుకునే ప్రతి మనిషికీ టేపు మెడలో వేసుకుని ఇదే చెప్తారు. "వాడు నంబరు అడగలేదండీ. చెప్పొద్దన్నాడు. అందుకే నమ్మాను. తెలియనివాడు లైన్లో ఉండగా ఏ మెసేజూ తెరవకండి, పైకి చదవకండి. ముందు ఫోను పెట్టేయండి. అయినవాళ్ళు మెసేజ్‌లో డబ్బడిగితే, వాళ్ళ గొంతు వినేదాకా చిల్లిగవ్వ కదపకండి. గొంతు వినడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం ఖరీదెంతో మా చెల్లెల్ని అడగండి."