విమానాన్ని దారికి తెచ్చిన గౌను

మొలొకాయ్ దీవిలో లుయికా పడవలో తెడ్డు పట్టిందంటే మగవాళ్ళు పక్కకు తప్పుకునేవారు. అలాంటి మనిషి హొనొలులులో చెల్లెలి కూతురి పెళ్ళికని విమానం ఎక్కాల్సివచ్చేసరికి పిల్లికూన అయిపోయింది. ఓడ ముందురోజే వెళ్ళిపోయింది మరి.

ఎక్కేముందు సామానుతోపాటు మనుషుల్నీ తూచారు. గుమాస్తా ఆమె బరువు గట్టిగా చదివాడు.

"మెల్లగా చెప్పు నాయనా. ఈ దీవిలో మాకు చుట్టం కానివాడు లేడు," అంది లుయికా.

విమానానికి రెండు ఇంజన్లున్నాయనీ, చక్రాలున్నా దాని పొట్ట పడవపొట్టేననీ పైలట్ హార్లన్ ధైర్యం చెప్పాడు. ఆమె వినిపించుకోలేదు. కళ్ళు మూసుకుని చర్చి దేవుడికీ, చర్చికి తెలియకుండా పాత దేవుళ్ళకీ మొక్కుకుంది.

సగం దారిలో కుడి ఇంజను దగ్గి ఆగిపోయింది. హార్లన్ విమానాన్ని నేర్పుగా సముద్రం మీద దించాడు. అక్కడితో అతని నేర్పు అయిపోయింది. ఎడమ ఇంజను ఒక్కటే తోస్తుంటే విమానం గానుగెద్దులా గుండ్రంగా తిరగసాగింది. అలల ఊపుకి హార్లన్ కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకున్నాడు.

లుయికా కళ్ళు తెరిచింది. చుట్టూ నీళ్ళు. ప్రాణం లేచివచ్చింది.

"ఇది పడవేగా. ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పానండీ," అన్నాడు హార్లన్ నీరసంగా.

"సర్లే. ఎడంపక్క నీళ్ళలో ఏదన్నా ఈడిస్తే ముక్కు తిన్నగా ఉంటుంది. సంచి ఉందా?"

ఉన్నవి టపా సంచులే. వాటి మీద చెయ్యి వేస్తే జైలేనన్నాడు పక్కసీటులోని రొట్టెల వ్యాపారి తవారెస్. లుయికా నిట్టూర్చి, పెళ్ళికని కుట్టించుకున్న పట్టుగౌను పెట్టెలోంచి తీసింది. మెడా చేతులూ ముడివేసి, అంచుకు తాడు కట్టి నీళ్ళలో వదిలింది. గౌను నీళ్ళు తాగి ఉబ్బింది. విమానం బుద్ధిగా తిన్నగా నడిచింది.

"అచ్చం నువ్వు లోపలున్నట్టే ఉందమ్మా," అన్నాడు తవారెస్.

"నోర్మూసుకుని అలలు చూడు."

మూడు గంటల తర్వాత హొనొలులు రేవు చేరారు. గట్టు మీద చెల్లెలు మిలియామా ఎగాదిగా చూసింది.

"పెళ్ళికి ఈ పాతబట్టలేంటే అక్కా? కొత్త గౌనేదీ?"

"విమానానికి కట్టాను."

"పొద్దున్నే తాగావా?"

ఇంతలో హార్లన్ నాచు పట్టిన గౌనును రెండు చేతులమీదా మోసుకొచ్చాడు. "మమ్మల్ని ఒడ్డుకు చేర్చింది ఇదేనండీ," అన్నాడు.

మిలియామా అక్కను ఇంటికి తీసుకెళ్ళి తన గౌను ఇచ్చింది. అది లుయికా భుజాల దగ్గరే ఆగిపోయింది. చివరికి కిటికీ తెర చుట్టుకుని, పెళ్ళిలో అందరికంటే ఎక్కువసేపు చిందులాడింది. భోజనానికి పిలిస్తే వచ్చిన హార్లన్ మాత్రం, నేల ఇంకా ఊగుతోందంటూ గోడ పట్టుకుని కూర్చున్నాడు.