సంచిలో సిర్కా సీసా

ఆదివారం పొద్దున అశోక్‌నగర్‌లోని ఫ్లాట్ బాల్కనీలో కూతురి జడ విప్పి, నూనె పెట్టబోయిన అరుంధతి చెయ్యి సగంలోనే ఆగిపోయింది. వీపు మధ్యదాకా నల్లగా ఉన్న జుట్టు అక్కడి నుంచి కిందికి ఎర్రబారి ఉంది. ఒక పాయ తీసి ఎండకు పట్టి చూస్తే రాగి తీగలా మెరిసింది.

"ఏందే ఇది? రంగేసుకున్నవా?"

పదహారేళ్ల సంయుక్త ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "లే మమ్మీ. ఎండకు అట్ల కనిపిస్తుంది."

"ఎండ నాకు కొత్తనా?"

"జల్ది పెట్టు మమ్మీ, చదువుకోవాలె."

చదువుకోవాలనే మాట ఆ పిల్ల నోటి నుంచి దానంతట అది రావడం అరుంధతి వినడం అదే మొదలు.

అరుంధతి ఇరవై రెండేళ్లుగా ఒక బీమా కంపెనీలో క్లెయిముల కాగితాలు చూస్తోంది. ఆస్పత్రి కాగితం మీద ఒక్క తేదీ దిద్దినట్టున్నా ఆఫీసులో అందరికంటే ముందు ఆమె కంటికే ఆనుతుంది. ఇంట్లో కూడా అదే చూపు. "నువ్వు ఇంటికొచ్చినంక కూడ డ్యూటీల్నే ఉంటవ్" అని భర్త జగన్మోహన్ నవ్వుతుంటాడు. ఆయనకు చిక్కడపల్లిలో పోటీ పరీక్షల పుస్తకాల దుకాణం ఉంది.

సంయుక్త జుట్టు నడుము దాటి ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ప్రతి ఆదివారం తలంటింది అరుంధతే. ఆఫీసులో ఏడాది చివరి పని వల్ల ఈ రెండు నెలలే కుదరలేదు. అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో వ్రతం జరిగినా ఆ జడ గురించి ఎవరో ఒకరు ఒక మాట అనేవారు. ఆ మాట తనకే అన్నట్టు అరుంధతి మురిసిపోయేది. నిరుడు వేసవిలో పిల్ల ఈత నేర్చుకుంటానని పట్టుబడితే ఒకే ఒక్క షరతు పెట్టింది. జుట్టు పాడైతే ఆ రోజుతోనే ఈత బంద్.

సోమవారం ఆఫీసు నుంచి వస్తూ, చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు మీద వందన నడిపే బ్యూటీ పార్లర్‌లోకి వెళ్లింది. సంయుక్త ఎప్పుడు జుట్టు కొసలు కత్తిరించుకున్నా అక్కడే.

"మా పాపకు కలర్ ఏమన్న వేసినవా వందనా? నిజం చెప్పు, నేనేమీ అనను."

"అయ్యో, నా దగ్గరికి రానే లేదక్కా. ఆర్నెల్లైంది చూసి." వందన దువ్వెన పక్కన పెట్టి గొంతు తగ్గించింది. "ఇప్పటి పిల్లలు డబ్బా కొనుక్కొని వాళ్లే వేసుకుంటున్రు. ఇంట్ల కుదరకపోతే దోస్తుల ఇంట్ల."

దోస్తుల ఇంట్ల. ఆ రెండు మాటలూ ఇంటిదాకా అరుంధతి వెంట వచ్చాయి. అప్పుడు ఆమె లెక్కలు వేయడం మొదలుపెట్టింది. నారాయణగూడ పూల్‌లో ఆడపిల్లల బ్యాచ్ పొద్దున ఆరింటి నుంచి ఏడింటిదాకా. ఆటోలో ఇంటికి పావుగంట. సంయుక్త వచ్చేసరికి ఎనిమిదిన్నర అవుతోంది. అడిగితే ట్రాఫిక్ అంటుంది. మరొకటి కూడా ఉంది. మొదట్లో పిల్ల ఇంట్లో అడుగు పెట్టగానే క్లోరిన్ వాసన గుప్పుమనేది. ఈ రెండు నెలలుగా ఆ వాసనే లేదు. అసలు నీళ్లలో దిగుతోందా?

మంగళవారం సాయంత్రం సంయుక్త ట్యూషన్‌కు వెళ్లగానే ఈత సంచి తీసింది. తువ్వాలు, టోపీ, కళ్లద్దాలు, పళ్లు దూరంగా ఉన్న చెక్క దువ్వెన. అన్నిటికంటే అడుగున, తువ్వాలు మడతలో చుట్టి, కూల్‌డ్రింక్ సీసా. అందులో సగానికి పైగా లేత పసుపు రంగు నీళ్లు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోగానే ఘాటుకు కళ్లు చెమర్చాయి.

జగన్మోహన్ దుకాణం నుంచి రాగానే సీసా చేతికిచ్చింది. ఆయన వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు.

"సిర్కా లెక్క ఉంది. అదే, వెనిగర్."

"ఈతకు పోయే పిల్లకు సిర్కా ఎందుకండీ? పచ్చడి పెడ్తదా అక్కడ?"

"దాన్నే అడుగు."

"అడిగితే చెప్తదా? ఆదివారం అడిగిన. ఎండ అన్నది."

"మరేం జేస్తవ్?"

అరుంధతి సీసా మూత గట్టిగా బిగించింది. సీసాను ఉన్నది ఉన్నట్టు తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టింది.

బుధవారం పొద్దున్నే కూతురు ఆటో ఎక్కింది. ఆ వెనకే అరుంధతి కూడా ఇంకో ఆటో ఎక్కింది. చిక్కడపల్లి మార్కెట్ దగ్గర కూరగాయల ట్రాలీ అడ్డం వచ్చి ముందు ఆటో కనిపించకుండా పోయింది. ఆమె ఆటోలోంచి తల బయటికి పెట్టి వెతికింది. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర అది మళ్లీ కనిపించింది. అదే ఆకుపచ్చ సంచి, అదే భుజం. పిల్ల నేరుగా పూల్ గేటులోకి వెళ్లింది.

అయినా అరుంధతి ఇంటికి పోలేదు. ఎదురుగా ఉన్న టిఫిన్ బండి దగ్గర నిలబడింది. ఇడ్లీ ప్లేటు చేతిలో చల్లారిపోయింది. ఏడింటికి అమ్మాయిలు తడి తలలతో ఒక్కొక్కరే బయటికి వచ్చారు. వాళ్లలో సంయుక్త లేదు. ఏడుంబావు అయింది. ఏడుంబావు దాటి ఇంకో పది నిమిషాలు గడిచాయి. గేటు దగ్గర ఎవరూ లేరు. అరుంధతి ప్లేటు బండి మీద పెట్టి లోపలికి నడిచింది.

ఆడవాళ్ల స్నానాల గదుల వెనక చిన్న నడవా ఉంది. అక్కడ ప్లాస్టిక్ స్టూలు మీద సంయుక్త తల వెనక్కి వాల్చి కూర్చుంది. యాభై ఏళ్ల ఆడమనిషి ఒకామె, ఊడ్చే చీపురును గోడకు ఆనించి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఆ సీసాలోని నీళ్లు పిల్ల జుట్టు మీద కొద్దికొద్దిగా పోస్తోంది. కింద గచ్చు మీద, నీళ్ల తూము దగ్గర, ఎర్రని వెంట్రుకలు ఉండలుగా పడి ఉన్నాయి.

"ఎవర్నడిగి నా బిడ్డ నెత్తి మీద చెయ్యేసినవ్?"

ఆ కేకకు సంయుక్త ఉలిక్కిపడి లేచింది. ఆ మనిషి మాత్రం సీసా మూత బిగించి, పక్కన పెట్టి, అప్పుడు తలెత్తింది.

"నువ్వు ఈ పిల్ల తల్లివా అమ్మా?"

"నీ పేరేంది? ఏం పోస్తున్నవ్? చూడు, కుప్పలు కుప్పలు రాలిపోయింది!"

"మమ్మీ, మాసమ్మక్కను ఏమనకు" అంటూ సంయుక్త అడ్డం వచ్చింది. "అది రాలింది దీనికి కాదు. సంక్రాంతి సెలవులప్పటి సందే రాలుతుంది. ఎర్రగ కూడ అప్పుడే అయింది. క్లోరిన్‌కు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఈత బంద్ అంటివి కదా!"

అరుంధతికి ఆ మాట వినపడింది గానీ తలకెక్కలేదు. ఆమె చూపు ఆ సీసా మీద, కింద పడిన వెంట్రుకల మీదే ఉంది.

మాసమ్మ మెల్లగా చెప్పింది. "ఈడ కూసొని ఏడుస్తుంటె నేనే చూస్తి. నేను పాలమూరు నుంచొచ్చి పదేండ్లు బిల్డింగు పనిల ఉన్న. ఇటుకను తడపకుంట పెడితె సిమెంటుల నీళ్లన్ని గుంజుకుంటది. ముందుగాల్నె మంచిగ తడిపి పెడితె గుంజది. ఎంటిక గూడ గంతె గదా. ఎండి ఉన్న నెత్తితోని దిగితె ఆ మందు నీళ్లు తాగుతది. అందుకె నల్లా నీళ్లతోని నిండ తడిపి, జరంత కొబ్బరినూనె రాసి, టోపీ పెట్టి పంపిస్తున్న. బయటికి రాంగనె కడుగుతున్న. ఆ సీసల సిర్కా పిల్లనే ఫోన్ల జూసి తెచ్చుకున్నది. నాలుగొంతుల నీళ్లల్ల ఒక్క వంతు. వాసన పోతది అని."

"ఇటుకలు పేర్చినోళ్లు చెప్పిన వైద్యమా నా బిడ్డకు?"

అన్నాక ఆ మాట తనకే ఎబ్బెట్టుగా వినిపించింది. అయినా ఆగలేదు. కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా ఆఫీసు గదికి పోయింది. మేనేజర్ వెంకటరామయ్యతో, మీ పనామె పిల్లల తలల మీద ఏవేవో పోస్తోందని చెప్పింది. కాగితం అడిగి రాసి సంతకం కూడా పెట్టింది. ఆయన చేతులు జోడించి, "రేపటి నుంచి ఆమె లేడీస్ సైడు ఉండదు మేడమ్, బయట ఊడుస్తది" అన్నాడు.

ఆ రోజు నుంచి సంయుక్త తల్లితో మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తినేది, అడిగితే తల ఊపేది. ఈత మానిపించే సంగతి నెలాఖరుకు చూద్దామని జగన్మోహన్ అనడంతో పొద్దున్నే వెళ్లి వస్తూనే ఉంది. ఇప్పుడు ఏడుంబావుకే ఇంటికొస్తోంది. క్లోరిన్ వాసన మళ్లీ గుప్పుమంటోంది. అంత పొడుగు జుట్టును ఒక్కతే తడిపి, నూనె రాసి, టోపీలో దోపుకోవడం ఆ పిల్ల వల్ల కాలేదు. దువ్వెన నిండా వెంట్రుకలు వస్తున్నాయి.

ఆఫీసులో ఫైలు ముందు కూర్చుంటే అరుంధతికి ఇటుక గుర్తొచ్చేది. ఆ మనిషి చెప్పింది నిజమేనేమో అనిపించేది. వెంటనే, తప్పించుకోవడానికి అల్లిన కథేమో అనిపించేది. ఎటూ తేలక, క్లెయిము కాగితాల విషయంలో చేసే పనే చేసింది. రుజువు వెతికింది.

బీరువాలో తన పెళ్లినాటి, అసలు వెంట్రుకల సవరం ఉంది. దాన్ని రెండు పాయలుగా విడదీసి, రోజూ పూల్ నీళ్లు ఒక సీసాలో పట్టుకురమ్మని కూతురికి చెప్పింది. ఎందుకని సంయుక్త అడగలేదు. తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి పోయేది. ఒక పాయను పొడిగా, రెండోదాన్ని నల్లా నీళ్లలో నానబెట్టి నూనె రాసి, రెండు స్టీలు గిన్నెల్లో ఆ నీళ్లు పోసి ముంచేది. గంట తర్వాత తీసి మామూలు నీళ్లతో కడిగి నీడలో ఆరేసేది.

"కుక్కర్ పక్కన సవరమేంది?" అని జగన్మోహన్ తల పట్టుకున్నాడు.

ఎనిమిదో రోజు రెండు పాయలూ ఆయన చేతుల్లో పెట్టి కళ్లు మూసుకోమంది.

"ఏది మెత్తగ ఉంది?"

ఆయన వేళ్లతో నలిపి చూశాడు. "ఇది జర నయం. ఇదైతే కొబ్బరి పీచు."

పీచులా ఉన్నది పొడిగా ముంచిన పాయ. నూనె రాసింది కూడా మునుపటిలా లేదు, కొసలు కొంచెం గరుకెక్కాయి. కానీ తేడా ఎవరికైనా తెలుస్తుంది. అరుంధతి ఆ రెండు పాయలనూ విడివిడిగా కాగితంలో చుట్టింది. తను రాసి సంతకం పెట్టిన కాగితం కళ్ల ముందు ఆడింది. ఆఫీసులో అలాంటి కాగితం ఎవరైనా విచారణ లేకుండా రాస్తే, తనే వెనక్కి పంపేది.

మర్నాడు సెలవు పెట్టి నారాయణగూడ వెళ్లింది. గేటు బయట ఎండలో మాసమ్మ చీపురుతో రాలిన ఆకులు ఊడుస్తోంది. అరుంధతిని చూసి కొంగు నడుముకు బిగించి, పని ఆపకుండానే అంది: "ఇంకేం రాస్తవమ్మా? బయటికైతె పంపిస్తివి. ఇంకోటి రాస్తె పోయేది ఇంటికే."

"తప్పు నాదే మాసమ్మా. నేను పరీక్ష చేసి చూసిన. నువ్వు చెప్పిందే నిజం."

మాసమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. ఆ చూపు అరుంధతికి బాగా తెలుసు. రోజూ కాగితాలను తను చూసే చూపే అది.

"అప్పుడె అడిగితె అప్పుడె చూపిస్తుంటి గదా. పరీక్ష ఎందుకు?"

అరుంధతి నేరుగా ఆఫీసు గదికి నడిచింది. లోపలికి వెళ్లి వెంకటరామయ్యకు ఇంకో కాగితం రాసిచ్చింది. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, "ఏది నమ్మమంటరు మేడమ్?" అన్నాడు. రెండోదే, అంది. అవసరమైతే రోజూ వచ్చి అక్కడే కూర్చుంటానని కూడా అంది.

సోమవారం నుంచి మాసమ్మ మళ్లీ లేడీస్ సైడుకు వచ్చింది. కానీ సంయుక్త తల ముట్టుకోలేదు. "నేను చెప్త. చెయ్యి నువ్వే వెయ్యి" అని రెండడుగుల దూరంలో నిలబడింది. అందుకని అరుంధతి ఆఫీసుకు ముందు రోజూ పూల్‌కు రావలసి వచ్చింది. తడపడం, నూనె రాయడం, జుట్టును ముడి వేసి టోపీలోకి దోపడం. ఏడింటికి మళ్లీ కడగడం.

"గట్ల రుద్దకు. తువ్వాలతోని అద్దు, అంతె."

"ఇట్లనా?"

"కింద కొసల సంది దువ్వు. పై నుంచి గుంజితె తెగుతది."

సంయుక్త అద్దంలోంచి ఇద్దరినీ చూసి పెదవి బిగపట్టి నవ్వు ఆపుకునేది. ఎర్రబారిన కొసలు జానెడు కత్తిరించాలని మొదట అన్నది కూడా ఆ పిల్లే. వందన పార్లర్‌లో కత్తెర పడుతున్నప్పుడు అరుంధతి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నెల తిరిగేసరికి దువ్వెనకు వచ్చే వెంట్రుకలు తగ్గాయి. ఈత బంద్ అనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

జూన్ మొదటి వానకు ఒక పొద్దున చిక్కడపల్లిలో రోడ్డు మీద నీళ్లు నిలిచాయి. జగన్మోహన్ స్కూటర్ మీద కూతుర్ని ముందు దింపి వచ్చి, తర్వాత అరుంధతిని తీసుకెళ్లేసరికి ఆరుంబావు దాటింది. ఆమె తడిసిన చెప్పులతో లోపలికి పరుగెత్తింది. సంయుక్త అప్పటికే టోపీ పెట్టుకుని పూల్ గట్టు మీద నిలబడి ఉంది. టోపీ అంచు కింద మెడ మీద నూనె తళతళలాడుతోంది. ఒక్క వెంట్రుక కూడా బయటికి రాలేదు. ఆ పిల్లకు ఒంటి చేత్తో అంత పొందిక రాదు.

నడవాలో మాసమ్మ చీపురు చంకలో పెట్టుకుని అటు తిరిగి ఉంది. ఆమె అరచేతులు కొంగుకు తుడుచుకుంటోంది.

టోపీ ఎవరు పెట్టారన్న మాట అరుంధతి నోటిదాకా వచ్చింది. అడగలేదు. ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చుని, తడి చెప్పులు విప్పి, నీళ్లలో దూకుతున్న కూతుర్ని చూసింది.