సున్నా కాకపోతే

నేను లెక్కలు బాగా చెబుతానని అందరూ అనేవారు. అందరికంటే ముందు నేనే అనేవాణ్ణి. 1977 నాటికి వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరి తొమ్మిదేళ్లయింది. లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ చాప్టరు పుస్తకం తెరవకుండా, ఒక్క చాక్‌పీసు అరిగేలోపు పూర్తి చేసేవాణ్ణి. నా పేరు సారంగపాణి. పిల్లలు వెనకాల ఇంకేదో పేరు పెట్టుకున్నారని తెలుసు. అదేమిటో కనుక్కోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఆ ఏడు జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం హనుమకొండలోని మా ఇంటికి ఏలియా వచ్చాడు. కాజీపేటలో రైల్వే ఫిట్టరు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, తెల్లచొక్కా, చేతిలో బైబిలు, దాని కింద రెండువందల పేజీల నోటుబుక్కు. నాకంటే ఆరేళ్లు పెద్ద. చెప్పులు గుమ్మం బయటే విడిచి అక్కడే నిలబడ్డాడు.

"సార్, నవంబరుల మా డిపార్ట్‌మెంటు పరీక్షున్నది. పాసైతె చార్జ్‌మన్‌ను అయిత. రెండుసార్లు రాసిన, రెండుసార్లూ లెక్కలల్లనే పోయింది. నలభై రెండేండ్లు నిండితే ఇగ రాయనియ్యరు. నాకు గిదే ఆఖరుసారి."

"నేను ట్యూషన్లు చెప్ప" అన్నాను.

"ఎరికే సార్. ట్యూషన్ చెప్పెటోళ్ల కాడికి పోయిన. వాళ్లు జవాబు చెప్తాన్రు. నాకు లెక్క గావాలె."

నా భార్య అనసూయ లోపల్నుంచి గ్లాసుతో నీళ్లు తెచ్చి అతనికిచ్చింది. "లోపటికొచ్చి కూసో అన్నా. చెప్తడు తియ్యి" అంది. మా ఇంట్లో చాలా నిర్ణయాలు అలాగే జరిగేవి.

చార్జ్‌మన్ అంటే ఇంజన్లు రిపేరు చేసే షెడ్డులో ఒక గ్యాంగు మీద పెద్ద. ఏలియా అప్పటికి ఇరవై రెండేళ్లుగా స్పానరు పట్టుకుని పనిచేస్తున్నాడు. ఇంజను చప్పుడు విని రోగమెక్కడుందో చెప్పగలడని అతని తోటివాళ్లు తర్వాత నాతో అన్నారు. డిప్లొమా పాసై వచ్చిన పాతికేళ్ల కుర్రాళ్లు చార్జ్‌మన్లయి, ఏం చెయ్యాలో అతన్నే అడిగి తెలుసుకుని, కాగితం మీద మాత్రం వాళ్లు సంతకం పెట్టేవారట. ఈ సంగతి అతను ఫిర్యాదుగా చెప్పలేదు. సంతకం పెట్టే రోజు తనకూ రావాలని ఉందన్నాడు, అంతే.

లాప్లాస్ దగ్గరికొచ్చేసరికి ఆగస్టు అయింది. నేను మామూలుగా చెప్పేదే చెప్పాను. డిఫరెన్షియల్ ఈక్వేషన్ అంటే క్షణక్షణం మారుతూ ఉండేదాని లెక్క. మారుతూ ఉన్నంతసేపూ దాన్ని పట్టుకోవడం కష్టం. లాప్లాస్ పద్ధతిలో ఆ ఈక్వేషన్ని ఎస్ అనే అక్షరంలోకి మారుస్తాం. అక్కడది హైస్కూలు పిల్లలు చేసే మామూలు గుణకారం, భాగహారం అయిపోతుంది. సాధించాక, పట్టిక చూసి మళ్లీ వెనక్కి మారుస్తాం. ఏలియా కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

"ఉరుకుతాన్న ఇంజనుకు రిపేరు చెయ్యలేం గద సార్. షెడ్డుల వెడ్తం. ఆడ నిలవడ్తది గనుక పని అల్కగ అయితది. అయినంక మల్ల లైను మీదికి తోల్తం. గంతే గదా?"

"అంతే" అన్నాను.

తొమ్మిదేళ్లలో నాకు తట్టని మాట అది. సంతోషించాల్సింది పోయి చిరాకుపడ్డాను. ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం బాధ లేదు.

తర్వాతి మెట్టు చెప్పాను. ఈక్వేషన్ని మార్చేటప్పుడు, అది మొదలైన క్షణాన ఏ స్థితిలో ఉందో ఆ విలువలు కూడా మొదటి లైనులోనే రాయాలి. ఏలియా మొహం వెలిగిపోయింది.

"మాకు గిదే మొదటి పని సార్! ఇంజను లోపటికి రాంగనే దాని హాలత్ రిజిస్టరుల ఎక్కియ్యాలె. ఏడ కారుతాంది, ఏడ వేడెక్కింది, ఎంత అరిగింది. గది రాయకముందు ఎవ్వడు స్పానరు ముట్టద్దు. రాసినంక కొట్టేసుడు గూడ లేదు. తప్పు వడితె దాని కిందనే సరిజేసి, తారీకేసి సంతకం వెడ్తం."

ఆ రోజు నుంచి ప్రతి లెక్కకూ అతను మొదటి విలువలు పూర్తిగా రాసేవాడు. నిదానంగా, గుండ్రటి అక్షరాలతో. చిక్కేమిటంటే, అతను తెచ్చిన ఎనిమిదేళ్ల పాత పేపర్లలో ఆ విలువలన్నీ సున్నాలే. పేపరు సెట్ చేసేవాళ్లు బద్ధకస్తులు, నేనూ ఆ జాతివాణ్ణే కనుక నాకు తెలుసు. సున్నాను సున్నా అని రాయడానికి ఇతను రెండు లైన్లు ఖర్చు పెట్టేవాడు, తర్వాత వాటిని ఒక్కొక్కటిగా తీసేవాడు. మూడు గంటల పేపరు అతనికి నాలుగు గంటలు పట్టేది.

"సున్నాలే గదా, వదిలెయ్యి" అని సెప్టెంబరంతా చెప్పాను.

"ఏ ఇంజనూ మా షెడ్డుకు సున్నా హాలత్‌ల రాదు సార్" అనేవాడు, వినయంగానే.

అక్టోబరు మధ్యలో ఒక ఆదివారం గడియారం ముందు పెట్టి పరీక్ష పెట్టాను. ఏడు లెక్కల్లో ఐదే అయ్యాయి. ఐదింట్లోనూ ఆ సున్నాల లైన్లున్నాయి. నాకు కోపం ఎప్పుడూ తలుపు దగ్గరే కూర్చుని ఉంటుంది.

"ఎనిమిదేండ్ల పేపర్లు జూసినం గదా ఏలియా! ఒక్కదాంట్లనన్న సున్నా కానిది ఉన్నదా? రాదు! సున్నా కాకపోతే అచ్చు తప్పనుకో! పెన్ను దీసుకొని కొట్టెయ్యి, ముందుకు పో!"

అనసూయ వంటింట్లోంచి తొంగిచూసి వెళ్లిపోయింది. ఏలియా నోటుబుక్కు తెరిచి ఏదో రాసుకున్నాడు. లెక్క చేస్తున్నాడనుకున్నాను. ఆ తర్వాత మూడు వారాలు అతను ఆ లైన్లు రాయలేదు. ఏడు లెక్కలూ రెండుగంటల నలభై నిమిషాల్లో చేశాడు. నేను గెలిచాననుకున్నాను.

నవంబరులో సికింద్రాబాదు వెళ్లి పరీక్ష రాసి వచ్చాడు. "మంచిగనే రాసిన సార్" అన్నాడు. నేను పేపరు అడగలేదు. సెమిస్టరు చివర, నా మూల్యాంకనం కట్టలు నాకున్నాయి.

ఫలితాలు ఫిబ్రవరిలో వచ్చాయి. పాసు కావడానికి నలభై కావాలి. అతనికి ముప్ఫైనాలుగు వచ్చాయి.

ఆ ఆదివారం కూడా ఎప్పటి వేళకే వచ్చాడు. అదే తెల్లచొక్కా, అదే బైబిలు, అదే నోటుబుక్కు. మార్కులు చెప్పి, ఏదో ఇంజను సంగతి చెప్పినంత మామూలుగా కూర్చున్నాడు. నాకు అతని మీద కోపం వచ్చింది. ఆరు మార్కులు! ఎక్కడ పోగొట్టాడు? ఇన్ని నెలలు నేను నోరు నొప్పి పుట్టేలా చెబితే!

"పేపరు తెచ్చినవా?"

తెచ్చాడు. నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచాడు. నేను లాప్లాస్ ప్రశ్న వెతికాను, ఆరోది, పదిహేను మార్కులు. వై డబుల్ డాష్ ప్లస్ మూడు వై డాష్ ప్లస్ రెండు వై ఈక్వల్స్ నాలుగు. మొదట్లో వై విలువ రెండు, వై డాష్ విలువ సున్నా.

రెండు. సున్నా కాదు.

"దీనికి జవాబెంతొచ్చింది నీకు?"

"గదే అడుగుదామని వచ్చిన సార్. వెనుక తిప్పి జూడుండ్రి. ముందుగాల రాసింది కరెక్టేనా?"

వెనక పెన్సిలుతో చిత్తు లెక్క ఉంది. పైన నాలుగు లైన్లు. మొదటి విలువలు పూర్తిగా రాశాడు, షెడ్డు రిజిస్టరులో రాసినట్టు. అవి రాయగానే పైనా కిందా ఒకే ముక్క వచ్చి కొట్టుకుపోయింది. మిగిలింది రెండు బై ఎస్. వెనక్కి మారిస్తే జవాబు రెండు. ఎప్పటికీ రెండే. మొదట్నుంచీ చేరాల్సిన చోటే నిలబడి ఉన్న బండి అది. పేపరు పెట్టినవాడెవడో బద్ధకస్తుడు కాదు. లెక్క తెలిసినవాడు, కాస్త సరదా ఉన్నవాడు. మొదటి విలువలు రాసినవాడికి నాలుగు లైన్లలో పదిహేను మార్కులు ఇచ్చేద్దామనుకున్నాడు.

ఆ నాలుగు లైన్ల మీదుగా స్కేలు పెట్టి ఒక గీత గీసి ఉంది. దాని కింద, సున్నాలతో, పేజీ అడుగుదాకా పెద్ద లెక్క. మూడు భిన్నాలుగా విడగొట్టి, ఒక్కొక్కదాన్నీ వెనక్కి మార్చి, ఎక్కడా చిన్న పొరపాటు లేకుండా చేశాడు. సున్నా దగ్గర బయల్దేరి నెమ్మదిగా రెండు దగ్గరికి చేరుకునే బండి అది. ప్రశ్నలో ఆ బండి లేదు.

"పైదే కరెక్టు" అన్నాను.

"నేను గట్లనే అనుకున్న సార్!" అన్నాడు. అతని మొహంలో నిజమైన సంతోషం కనిపించింది. అది చూడటం నా వల్ల కాలేదు.

"మరి ఎందుకు కొట్టేసినవు?"

"పదిహేను మార్కుల లెక్క నాలుగు లైన్లల్ల అయితదా అని అనుమానమొచ్చింది. గంతల్నే ఆడి సారొకాయన వచ్చి, మూడో లెక్కల అచ్చు తప్పున్నది, దిద్దుకోన్రని చెప్పిండు. గప్పుడు మీరన్నది యాదికొచ్చింది. గిది గూడ అచ్చు తప్పే అనుకొని, కిందిదే జవాబుల రాసిన. మీరు చెప్పిన్రు గదా సార్."

అందులో నిష్ఠూరం ఏమాత్రం లేదు. కారణం అడిగాను కనుక కారణం చెప్పాడు.

"నేనేం చెప్పిన? ఎప్పుడు చెప్పిన?"

నిజంగానే నాకు గుర్తు లేదు. కోపంలో అన్న మాటలు నేను దాచుకోను. అతను దాచుకున్నాడు. నోటుబుక్కు మధ్యలో లాప్లాస్ పట్టిక ఉన్న పేజీ తీశాడు. పదహారు సూత్రాలు, వరుసగా. పదిహేడోదిగా, ఎర్రసిరాతో చుట్టూ గడి కట్టి రాసి ఉంది: "సున్నా కాకపోతే అచ్చు తప్పు. కొట్టివేయవలెను. సారు చెప్పినది. 16-10-77."

గుండ్రటి అక్షరాలు. తారీకుతో సహా.

ఇరవై రెండేళ్లలో రిజిస్టరులో ఒక్క లైను కొట్టెయ్యని మనిషి, నా మాట మీద ఒకటి కొట్టేశాడు. ఇక ఆ పరీక్ష అతనికి లేదు. నేను వెళ్లి ఎవరినీ అడగడానికి లేదు. వచ్చే నెల అతనికి నలభై రెండు నిండుతాయి. నాకు సిగ్గేసింది. చిన్నప్పటి నుంచి ఎన్నడూ ఎరగనంత సిగ్గేసింది.

"అది కోపంల అన్న మాట ఏలియా. సూత్రం కాదు."

"గట్లనా?" అన్నాడు. ఆ గడి మీద వేలు పెట్టాడు. "లెక్కల సారు అన్నడంటే సూత్రమే అనుకున్న."

నేను జేబులోంచి పెన్ను తీసి ఆ లైను మీద పెట్టబోయాను. ఏలియా అరచేయి అడ్డం పెట్టాడు. నూనె మరకలు ఇంకిపోయిన చెయ్యి, ఎంత కడిగినా తెల్లబడనిది.

"కొట్టెయ్యద్దు సార్. కిందనే సరిజేసి రాయుండ్రి. తారీకేసి సంతకం వెట్టుండ్రి."

రాశాను. "పై మాట తప్పు. మొదటి విలువలు ఏవైనా తప్పక రాయవలెను." కింద తారీకు వేసి, పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను. అతను నోటుబుక్కు తన వైపు తిప్పుకుని మొత్తం ఒకసారి చదివాడు. సిరా ఆరేదాకా ఊదాడు. తర్వాత మూసి, బైబిలు కింద పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని డ్యూటీకి వెళ్లిపోయాడు.