కాలి కింద రోడ్డు

బండి కడుగుతూ డ్రైవరు సీటు ముందున్న రబ్బరు పట్టా ఎత్తాను. కింద రేకు పొరలు పొరలుగా లేచి ఉంది. తుడవబోతే గుడ్డతో పాటు నా వేళ్లూ కిందికి దిగిపోయాయి. ఆ కంతలోంచి రోడ్డు కనబడింది.

మాది లాండ్రీ. లాడ్జిల నుంచీ ఆసుపత్రుల నుంచీ మాసిన దుప్పట్లు తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి అప్పగిస్తాం. తెచ్చేదీ అప్పగించేదీ నేనూ, ఈ పాత పికప్పూ. డ్రైవరు మానేసినప్పుడు మా ఆయన, "మనిషి దొరికేదాకా ఓ నాలుగు రోజులు నువ్వు నడుపు" అన్నాడు. ఆ నాలుగు రోజులు ఇంకా అయిపోలేదు.

కంత చూపిస్తే కౌంటర్లోంచి లేవకుండానే, "నీ చేతిలో పడితే ఏదైనా అంతే" అన్నాడు. నిజమే, నా తడి కాళ్ల వల్లే తుప్పు పట్టింది. ఉతికే గదిలోంచి పరుగున వచ్చి బండెక్కే మనిషికి కాళ్లు ఆరే తీరిక ఎక్కడిది?

టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్లాను. మేస్త్రి కింద దూరి, స్క్రూడ్రైవరుతో అక్కడక్కడా పొడిచి చూశాడు. "ఛాసిస్ గట్టిగానే ఉందమ్మా. ఫ్లోరంతా కోసేసి కొత్త రేకు వేయాలి. వెనక తొట్టి కూడా ఓ పక్క పోయింది. వారం ఉంచాలి. ఒకసారి సార్‌ని రమ్మనండి, మాట్లాడతాను."

"మాట్లాడుతున్నాను కదా" అన్నాను.

అతను నవ్వి, చేతులు తుడుచుకున్నాడు. "సరే, చెప్పండి."

చెప్పడానికి ముందు బండెక్కి కాసేపు కూర్చున్నాను. నాకీ బండి మీద ప్రేమేం లేదు. గేరు మారిస్తే భుజం లాగేస్తుంది, వాన వస్తే అద్దం పైకి రాదు. కానీ నన్నెవరూ కేకేయని చోటు ఇదొక్కటే. ఇంట్లో స్నానాల గది తలుపు కూడా కొడతారు. ఇక్కడ నాకొచ్చిన పాట నాకొచ్చినట్టు పాడుకుంటాను. అమ్మ పోయిందని అక్క ఫోన్ చేసినప్పుడు ఇందులోనే ఉన్నాను. ఓ పక్కకి ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. తర్వాత ఆసుపత్రిలో దుప్పట్లు దింపి, సంతకం పెట్టించుకుని ఇంటికొచ్చాను. "ఇంత ఆలస్యమా?" అన్నాడు మా ఆయన, నా మొహం చూడకుండానే. ఈ బండి లేకపోతే ఆ కాస్త ఏడుపు కూడా ఎక్కడ ఏడ్చేదాన్ని?

కిందికి దిగి మేస్త్రితో మాట్లాడి వచ్చాను.

సాయంత్రం అన్నాల దగ్గర మా ఆయన తీర్పు చెప్పేశాడు. "తుక్కుకి ఇచ్చేద్దాం. కొత్త బండి తీసుకుని డ్రైవర్ని పెడదాం. నువ్వు హాయిగా ఇంట్లో ఉండి ఇస్త్రీ చూసుకో."

ఆ హాయి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇప్పుడైనా బండి దిగగానే ఇస్త్రీ బల్ల దగ్గరికే కదా వెళ్లేది.

"డ్రైవరు మూటలు మోస్తాడా?" అడిగింది అత్తగారు.

"మోయడమ్మా. దానికి వేరే మనిషి కావాలి."

"ఆసుపత్రికి ఆదివారాలు కూడా దుప్పట్లు వేయాలి కదా?"

"ఆదివారం వాడు రాడు. ఇంకెవర్నైనా చూడాలి. బండి కడగడానికి ఒకణ్ని మాట్లాడాలి."

అత్తగారు ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆగింది. నన్నెప్పుడూ వెనకేసుకొచ్చిన మనిషి కాదు. ఇప్పుడూ నా కోసం అడగలేదు, నిజంగానే తెలియక అడిగింది.

"మరి ఇన్నాళ్లూ ఇవన్నీ ఎవరు చేశార్రా?"

మా ఆయన మంచినీళ్లు తాగాడు.

"బండి రేపు షెడ్డులో పెడుతున్నాను" అన్నాను. "ఆ వారం అక్క దగ్గరుంటాను. వచ్చాక బండి నేను చూసుకుంటాను, ఇస్త్రీ మీరు చూసుకోండి."

"నేనా? అంతసేపు నిలబడితే నా నడుం ఏం కావాలి?"

"మేస్త్రికి చెప్పొచ్చాను. బండితో పాటు మీకో ఎత్తు స్టూలు కూడా చేసిస్తానన్నాడు."