పేరు లేని పాట

కర్పగానికి ఐర్లండు మీద కోపం లేదు, విసుగుంది. ఆ దేశం ఎక్కడుందో సరిగా తెలియదు గానీ, నూరేళ్ళు దాటిన అక్కడి వారపత్రికలు తమిళనాడులో కోవిల్‌పట్టి బస్టాండు వెనక మేడమీద రోజూ ఆమె ముందే తెరుచుకుంటాయి. ఎవరో స్కాన్ చేసి పంపుతారు. కంప్యూటర్లో ప్రతి ముక్క చుట్టూ గీత గీసి, ఇది వార్త, ఇది కథ, ఇది కవిత, ఇది మర్యాదల శీర్షిక, ఇది చావు ప్రకటన అని గుర్తు పెట్టడం ఆమె పని. ఇంగ్లీషులో బి.ఏ. చదివినందుకు దక్కిన భోగం అది.

కథల్లో వారానికొక పిల్ల మూర్ఛపోతుంది. మర్యాదల శీర్షికలో ఎవరింటికి ఏ వేళ పోవాలి, చేతి తొడుగులు ఎప్పుడు తీయాలి అంటూ తిండికి లోటు లేనివాళ్ళ కష్టాలు ఉంటాయి. కళ్ళు మండేదాకా చదవడం, గుర్తు పెట్టడం, ఇంటికి పోవడం. ఒకనాడు ఆ శీర్షికలోనే, ఎవరు పోతే ఎన్నాళ్ళు నల్లబట్టలు కట్టాలో రాశారు. మొగుడికి ఇంత, తల్లికి ఇంత అని చెప్పుకొచ్చి, చివర పసిబిడ్డకు కూడా కొన్ని నెలలు ఇచ్చారు. ఆ వాక్యం దగ్గర ఆమె చేయి ఆగిపోయింది.

మూడేళ్ళ కిందట కర్పగానికి ఆడపిల్ల పుట్టి, పేరు పెట్టే రోజు రాకముందే పోయింది. పొద్దు వాలకముందే ఊరి బయట పూడ్చి వచ్చారు. పసిబిడ్డ కోసం ఏడిస్తే మళ్ళీ కడుపు పండదని అత్త కొంగుతో ఆమె నోరు మూసింది. కడుపు పండనూ లేదు, ఏడుపు తీరనూ లేదు. అలాంటి బిడ్డ ఒకతె ఉండేదని ఇంట్లో ఎవరూ అనరు. ఒక్కరైనా అంటే చాలునని ఆమె ఆశ.

ఇంతలో విరుదునగర్ పెద్దాఫీసు నుంచి పిలుపొచ్చింది. బస్సులో నిలబడే పోయింది. అక్కడ తప్పులు చూసే వేలాయుదం మంచివాడే, ఆయనా అలిసిపోయిన మనిషే. స్క్రీన్ తిప్పి చూపించాడు. కవితలని పెట్టాల్సినవాటిని ఎన్నింటినో ఆమె చావు ప్రకటనల్లో కలిపేసింది. ఇలాగే సాగితే పైవాళ్ళు ఊరుకోరని, మునుపు చేసిన అగ్గిపెట్టెల కంపెనీ పనికే మళ్ళీ పోవాల్సి వస్తుందని తమిళంలో మెల్లగా చెప్పాడు.

ఆ తప్పు ఆమె ఊళ్ళో ఎవరైనా చేసేదే. కోవిల్‌పట్టి గోడల నిండా పోయినవాళ్ళ ఫోటోలు, ఫోటో కింద నాలుగు పాదాల ఏడుపు పాట. ఇంట్లో చావు లేకుండా ఆడది శోకాలు తీస్తే ఇరుగుపొరుగు పరిగెత్తుకొస్తారు, సంగతి తెలిశాక తిట్టిపోస్తారు. ఎవరూ చావకుండానే తీరిగ్గా కూర్చుని ఏడుపు పాటలు కట్టి పత్రికకు పంపే జనం ఉంటారని ఆమెకెలా తోస్తుంది? పాట కనబడ్డ చోటల్లా పాపం ఎవరో పోయారనుకుంది.

పోయినవాళ్ళ పేరుంటే ప్రకటన, లేకుంటే కవిత అని వేలాయుదం నియమం చెప్పాడు. పక్కనున్న కంప్యూటరు చూపించి అన్నీ దిద్దేసి పొమ్మన్నాడు. మధ్యాహ్నం దాటేదాకా దిద్దింది. చివరికొకటి మిగిలింది. అందులో ఒక తల్లి ఖాళీ ఉయ్యాల ఊపుతూ, బిడ్డ లేస్తుంది మెల్లగా మాట్లాడమని పొరుగువాళ్ళను బతిమాలుతోంది. బిడ్డ పేరు ఎక్కడా లేదు. ఇది ఊరికే అల్లిన పాట కాదని కర్పగానికి గట్టిగా అనిపించింది.

“సార్, పేరు పెట్టకముందే పోయుంటే?”

“పేరు లేదంటే కవితేమ్మా,” అన్నాడు వేలాయుదం తల ఎత్తకుండానే.

ఆయన్ని అనడానికేం లేదు. ఆమె కవిత అని నొక్కింది. బిడ్డను రెండోసారి పూడ్చి వచ్చినట్టయింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అత్త వాకిట్లో కూర్చుని, బెల్లంపాకంతో కడలమిఠాయి చేసేవాళ్ళు కూలికి ఇచ్చిన వేయించిన వేరుశనగపప్పు చేటలో పోసి పొట్టు చెరుగుతోంది. కర్పగం చెప్పులైనా విప్పకుండా జరిగిందంతా చెప్పింది. ఇన్నేళ్ళూ నోట రాని మాట కూడా, ఒంట్లో ఓపిక లేకపోబట్టేమో, దాని వెనకే వచ్చేసింది.

“మన బిడ్డకీ పేరు లేకపోయె గదత్తా. దాన్ని కూడా ఎవురూ లెక్కలో పెట్టరు.”

చేట ఆగింది. అత్త దాన్ని పక్కన పెట్టింది.

“పేరు లేదని ఎవురు చెప్పిరి?” అంది. “కడపటి నీళ్ళు పోసేటప్పుడు చెవిలో నేనే పెట్టితి. వళ్ళీ, వళ్ళీ అని పిలిస్తి.”

“నాకేంటికి చెప్పలే?”

“పేరు తెలిస్తే పిలుచుకుంటా ఏడస్తావని.”

కర్పగం వాకిట్లోనే కూర్చుంది. వళ్ళీ అని ఒకసారి మెల్లగా అని చూసింది. రెండోసారి అనేసరికి ఇక ఆపుకోలేకపోయింది. మూడేళ్ళ ఏడుపు వీధంతా వినబడేలా ఏడ్చింది. అత్త చేయి కొంగు మీదికి పోయింది గానీ, దాంతో తన కళ్ళే తుడుచుకుంది.

పక్కింటి సెల్వలక్ష్మి పొయ్యి మీది గిన్నె దించి పరిగెత్తుకొచ్చింది. ఎవరు పోయారని కంగారుగా అడిగింది.

“మా మనవరాలు,” అంది అత్త. “వళ్ళి.”